రెపో రేటు మా చెరువు గట్టెక్కదు

ఎం.ఏ. ఎకనామిక్స్‌లో మనీ అండ్ బ్యాంకింగ్ పేపరంటే మా క్లాసులో చాలామందికి టెన్షన్. నాకు మాత్రం అందులో ఒక్క చాప్టర్ వదలబుద్ధి కాదు: రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, మారితే అది జనం దాకా ఎట్లా చేరుతుందనేది.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపోని 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపు ఉండాలని లక్ష్యం. రేటు తేల్చేది ఆరుగురి కమిటీ. రెపోకి ముడిపెట్టిన ఇంటి లోన్ ఉన్నవాళ్లకి ఆ దెబ్బ తొందరగానే తగిలింది. నెల్లూరులో మా బాబాయికి ఈఎంఐ అంతే ఉంచి కిస్తీల సంఖ్య పెంచేశారు. లబోదిబోమన్నాడు పాపం.

మా ఇందుకూరుపేట వైపు సంగతి వేరు. నాన్న రొయ్యల చెరువుకి మేత అప్పు మీద తెస్తాడు. డీలర్ వడ్డీ అనే మాటే ఎత్తడు. బస్తాకి రొక్కమైతే ఒక రేటు, అప్పైతే ఇంకో రేటు. రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క చూసుకుంటారు. ఆ రెండు రేట్ల మధ్య తేడా వడ్డీ కాక మరేమిటి? బయట చేతి అప్పైతే నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. రెపో 4 ఉన్నప్పుడూ రెండే, 6.5 అయినప్పుడూ రెండే.

లెక్చరర్‌ని అడిగితే, "అసంఘటిత రంగం, పాలసీ అక్కడికి సరిగ్గా చేరదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పుస్తకంలోనూ అరపేజీయే. ఇంత పెద్ద సంగతికి అరపేజీ ఏంటో!

ప్రాజెక్టుకి ఇదే తీసుకున్నా. డీలర్ దగ్గర మేత రేట్లు రాసుకొస్తానంటే నాన్న నవ్వాడు: "ఖాతా పుస్తకం నాకే సరిగ్గా చూపించడు, నీకు చూపిస్తాడంటమ్మా?"