కొండ దిగాక ఒక గ్లాసు బీరు

ఆరు గంటలు కొండ ఎక్కి దిగిన తర్వాత, మడమలు మండుతుండగా, బీరును అక్కడే కాచి పులియబెట్టి అమ్మే ఒక చిన్న బ్రూవరీలో కూర్చున్నాం. ముందుగా రెండు గ్లాసుల మంచినీళ్లు తాగాను. చెమటతో పోయిన నీటిని బీరు భర్తీ చేయదు, పైగా ఆల్కహాలు మూత్రాన్ని పెంచి ఒంట్లోని నీటిని ఇంకా తగ్గిస్తుంది.

తర్వాత గోధుమ బీరు వచ్చింది. వడపోయనందువల్ల మసకగా ఉన్న ఆ పసుపు రంగు మీద రెండు వేళ్ల మందాన తెల్లని నురగ నిలిచింది. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే అరటిపండు, లవంగాల వాసన తగిలింది. నిజానికి అందులో ఆ రెండూ వేయరు. ఆ పరిమళమంతా పులిసే సమయంలో ఈస్టు పుట్టించేదే, అది తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. ఉప్పు చల్లిన వేడి బంగాళాదుంప ముక్కల జిడ్డును బీరు బుడగలు, అందులో వేసే హాప్స్ అనే పువ్వుల చిరుచేదు నాలుక మీది నుంచి కడిగేశాయి. బండి నడపవలసిన మిత్రుడు మాత్రం నిమ్మరసంతోనే సరిపెట్టుకున్నాడు.