కడిగిన కంకర

పర్లాకిమిడిలోని మా ఇంటి గేటు నుంచి వసారా మెట్ల దాకా ఉన్న దారికి ఈ రోజు తారు, చిప్స్ (సన్న కంకర) వేయించాము. నలభై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల ఆ దారిలోని మొరమంతా 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు కొట్టుకుపోయింది. అప్పటి నుంచి వానాకాలం వచ్చిందంటే అమ్మ ప్రహరీ గోడ పట్టుకునే గేటు దాకా నడిచేది.

రెండేళ్ల క్రితం చేయించిన తారు పని ఒక్క వర్షాకాలం కూడా నిలవలేదు. ఊడివచ్చిన రాయిని తిప్పి చూస్తే, అడుగున తారు మరకైనా లేకుండా బూడిదరంగు పొడి పట్టి ఉంది. క్రషర్ నుంచి వచ్చిన కంకరను అలాగే పరచడం వలన తారు ఆ పొడిని పట్టుకున్నదే గాని రాతిని పట్టుకోలేదు. అమ్మ కాలు జారింది కూడా ఆ వదులు రాళ్ల మీదే. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ఈసారి, కంకర కడగనిదే పని మొదలుపెట్టవద్దని మేస్త్రీ గారికి ముందే చెప్పాను. ఈసారి వాడింది ఎమల్షన్, అంటే నీటిలో కలిపిన తారు. "ఎమల్షన్‌కి కొంచెం తడి ఉన్నా పరవాలేదు బాబూ, దుమ్ము మాత్రం ఉండకూడదు" అని ఆయన కూడా ఒప్పుకున్నారు. నిన్న సాయంత్రం 13 మిల్లీమీటర్ల చిప్స్‌ను ఇనుప జల్లెడలో పోసి కడుగుతుంటే, మొదటి నీరు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా దిగింది. నాలుగో విడతకు గాని రాతి అసలు రంగు, అందులోని నల్లని మచ్చలు కనబడలేదు.

మామూలు తారును 150 డిగ్రీలకు తక్కువ కాకుండా కాచి చల్లవలసి ఉంటుంది గాని, ఎమల్షన్‌కు పొయ్యి అక్కరలేదు. ఈ రాతికి చదరపు మీటరుకు సుమారు ఒక కిలో తారు కావాలి. ఎమల్షన్‌లో దాదాపు మూడో వంతు నీరే కనుక కిలోన్నర దాకా చల్లాలి. ఆ లెక్కన మా 37 చదరపు మీటర్లకు 55 కిలోలు పట్టింది. చల్లినప్పుడు అది చిక్కని కాఫీ డికాక్షన్ రంగులో ఉంటుంది. నీరు విడిపోయి నల్లబడేలోగా చిప్స్ పడి తీరాలి, ఆలస్యమైతే రాయి పైపైనే నిలుస్తుంది. కూలీలు ఒకరి వెనుక ఒకరు తట్టలతో పరుచుకుంటూ వెళ్తుంటే, అంచుల దగ్గర గోధుమరంగు మెల్లగా నలుపులోకి తిరగడం నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఆ వెంటనే చేతి రోలరును నెమ్మదిగా నాలుగైదు సార్లు నడిపించారు. నీరు నిలవకుండా రెండు పక్కలకూ వాలు ఇవ్వడం కూడా మేస్త్రీ గారు మరచిపోలేదు.

సాయంత్రం ఒక మూల రాయిని బొటనవేలితో గట్టిగా నెట్టి చూశాను. కదలలేదు. రేపు ఉదయం అంటుకోని రాళ్లను మెత్తని చీపురుతో ఊడ్చాలి. అంతవరకు స్కూటరు పక్కింటి వారి వసారాలోనే ఉంటుంది.