తడిసిన బూడిద బరువు
మా బల్లార్షా దిక్కు రేకుల ఇండ్లు మస్తు. ఎండాకాలం అయిపోయేసరికి రేకుల గాడుల్లో బొగ్గు దుమ్ము పేరుకుంటుంది. మొన్న తొలి వాన తర్వాత అమ్మ ఊడ్వమంటే ఎక్కిన. తడిసిన దుమ్ము సిమెంటులా పట్టుకుంది, తాపీతో గీకితే గానీ రాలే.

అప్పట్నుంచి పినటుబోనే మనసులో తిరుగుతోంది. ఫిలిప్పీన్స్‌లో ఆ అగ్నిపర్వతం 1991 జూన్ 15న పేలింది, అదే రోజు తుఫాను కూడా వచ్చింది. కప్పుల మీది బూడిద వాననీళ్లు పీల్చుకుంది. చనిపోయినవాళ్లలో చాలామంది ఇల్లు మీద కూలి పోయినవాళ్లే. పాపం, ఇంట్లో ఉంటే భద్రమనుకున్నరు కదా!

పది సెంటీమీటర్ల పొడి బూడిదే చదరపు మీటరుకు 40 నుంచి 70 కిలోలు. తడిస్తే 100 దాటుతుంది. అది రాయి, గాజు నలిగిన పొడి. రేకుకు తుప్పు కూడా పట్టిస్తుంది.

అందుకే వాన పడకముందే దించాలె. ఒక పక్కంతా ఒకేసారి ఊడిస్తే బరువు రెండో పక్కకు ఒరుగుతుంది, కొంచెం ఇటు, కొంచెం అటు తీసుకుంట పోవాలె. ముక్కుకు మాస్కు, కింద నిచ్చెన పట్టే మనిషి తప్పనిసరి.