సీపీయూ హాట్‌ప్లగ్ పేజీలో నాలుగు లైన్లు, మూడు వెర్షన్లు

లైనక్స్ కెర్నెల్ డాక్యుమెంటేషన్‌కి నేను పంపిన ప్యాచ్ (చిన్న మార్పు) నిన్న రాత్రి తీసుకున్నారు. అబ్బ, ప్రాణం కుదుటపడింది.

మా ప్రాజెక్టు వాడే లైనక్స్ కెర్నెల్ సోర్సులో సీపీయూ హాట్‌ప్లగ్ (మెషీన్ నడుస్తుండగానే కోర్లని ఆపడం, లేపడం) పేజీ పాతబడిపోయింది. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కి ఇచ్చే మ్యాక్స్‌సీపీయూస్, ఎన్ఆర్_సీపీయూస్ ఆప్షన్లు రెండూ ఒకటే అన్నట్టు ఉండేది. అది నమ్మి 8 కోర్ల మెషీన్‌ని ఎన్ఆర్_సీపీయూస్=4తో బూట్ చేశాను. తర్వాత సీపీయూ5ని లేపుదామంటే సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన స్థితిని ఫైళ్లుగా చూపే చోటు) దాని ఫోల్డరే లేదు. కెర్నెల్ ఎప్పటికైనా వాడగల కోర్లు చూపే 'పాసిబుల్' ఫైల్లో 0-3 అని ఉంది. అదే మ్యాక్స్‌సీపీయూస్=4 ఇస్తే 'ప్రెజెంట్' (మెషీన్‌లో ఉన్నవి) 0-7, 'ఆన్‌లైన్' (నడుస్తున్నవి) 0-3. సీపీయూ5 ఫోల్డర్‌లోని ఆన్‌లైన్ ఫైల్లో 1 రాయగానే కోర్ లేచింది. ఎన్ఆర్_సీపీయూస్ కెర్నెల్ బతికున్నంతసేపూ ఉండే హద్దు, మ్యాక్స్‌సీపీయూస్ బూట్ దాకానే.

ప్యాచ్ రాయడం, చెక్‌ప్యాచ్ (ప్యాచ్ రాతని సరిచూసే స్క్రిప్ట్) నడపడం అరగంట పని. ప్యాచ్‌లు మెయిల్లోనే వెళ్తాయి, గిట్ సెండ్-ఈమెయిల్ కమాండ్‌తోనే పంపండి. మామూలు మెయిల్ ప్రోగ్రాములు ట్యాబుల్ని స్పేసులు చేసేసి ప్యాచ్‌ని పాడుచేస్తాయి.

అసలు గొడవ సీపీయూ0 దగ్గర వచ్చింది. ఎక్స్86లో (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు) సీపీయూ0_హాట్‌ప్లగ్ ఆప్షన్ ఇస్తే మొదటి కోర్‌ని కూడా ఆపొచ్చని ఒక లైన్ చేర్చాను. ఎప్పుడో చదివింది గుర్తుండి రాశాను. ఒక రివ్యూయర్ నుంచి ఒకే వాక్యం వచ్చింది, అందరికీ కాపీ పెట్టి: "ఇది ఏ కెర్నెల్ మీద నడిపి చూశారు?" అంతే. తప్పేంటో చెప్పలేదు. ముఖం చెల్లలేదు. రెండు రోజులు సోర్సంతా వెతికాను. చివరికి గిట్ లాగ్‌లో (మార్పుల చరిత్ర) దొరికింది: 2023లో వచ్చిన కెర్నెల్ 6.5లోనే ఆ ఆప్షన్ తీసేశారు. మెషీన్‌లో చూస్తే సీపీయూ0 ఫోల్డర్‌లో ఆన్‌లైన్ ఫైలే లేదు. ఆయన అడిగింది న్యాయమే. కానీ "6.5లో పోయింది చూడండి" అని రాస్తే ఆయన సొమ్మేం పోయేది? కొత్తగా వచ్చినవాళ్లు ఇలాంటి జవాబులు చూసే వెనక్కి పోతారు.

రెండో వెర్షన్‌లో సీపీయూ0ని ఎక్కడా ఆపలేం అని రాశాను. ఆర్మ్64 (64-బిట్ ఆర్మ్ ప్రాసెసర్లు) కోడ్ చూసే ఆవిడ ఓపిగ్గా వివరించారు: అక్కడ మామూలుగా ఆపొచ్చు, ట్రస్టెడ్ ఓఎస్ (భద్రతా పనుల కోసం విడిగా నడిచే ఓఎస్) ఆ కోర్ మీదే ఉంటే మాత్రం కుదరదు. ఆర్కిటెక్చర్ పేరు లేకుండా హాట్‌ప్లగ్ గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి.

మూడో వెర్షన్‌లో ఎక్స్86కి ఒక లైన్, ఆర్మ్64కి ఒక లైన్ విడిగా పెట్టాను. రివ్యూడ్-బై (చూశాను, బాగుంది అనే సంతకం) ఆవిడే ఇచ్చారు. మొదటాయన నుంచి ఇంకా ఒక్క మాట లేదు.