గోదాములో పనిచేసేవాళ్లకి జెడ్‌పీఎల్ ఎందుకు

పరాయి దేశంలో ప్యాకింగ్ లైన్‌లో నిలబడ్డాక నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. పని ఆగేది మనుషుల దగ్గర కాదు, లేబుల్ ప్రింటర్ దగ్గర. లేబుల్ లేని పెట్టె లారీ ఎక్కదు. అందుకే కొత్తగా వచ్చే మనవాళ్లకి ఒక మాట చెప్తుంటాను. ఇక్కడి భాష, యాస పట్టుబడటానికి టైమ్ పడుతుంది, ఈలోపు ఆ ప్రింటర్‌కి వెళ్లే కోడ్ చదవడం నేర్చుకోండి.

అది భయపడాల్సినంత కష్టమేమీ కాదు. జీబ్రా కంపెనీ లేబుల్ ప్రింటర్లకి పంపే ఆదేశాల్ని జెడ్‌పీఎల్ (ZPL) అంటారు. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి: ^ఎక్స్‌ఏ (^XA) అంటే లేబుల్ మొదలు, ^ఎక్స్‌జెడ్ (^XZ) అంటే అయిపోయింది. మధ్యలో ^ఎఫ్‌ఓ50,100 అని ఉంటే ఎడమ నుంచి 50 చుక్కలు, పై నుంచి 100 చుక్కలు వదిలి అక్కడ పెట్టమని. ^ఎఫ్‌డీ తర్వాత అచ్చవ్వాల్సిన మాట ఉంటుంది, ^ఎఫ్‌ఎస్‌తో అది ముగుస్తుంది. కొలతలన్నీ ప్రింటర్ అచ్చేసే చుక్కల్లోనే. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

ఒకసారి మా లైన్‌లో పాత ప్రింటర్ తీసేసి కొత్తది పెట్టారు. మొదటి లేబుల్ బయటికి రాగానే అందరం అవాక్కయ్యాం. అడ్రస్, బార్‌కోడ్ అన్నీ చిన్నవైపోయి ఒక మూలకి చేరాయి. స్కానర్ పట్టుకోవడం లేదు. పక్కనే ఉన్న మన తెలుగు కుర్రాడు "అన్నా, పాడైన మిషన్ పంపినట్టున్నారు" అన్నాడు. వెనక పెట్టెలు పేరుకుపోతుంటే లైన్ చూసుకునే లీడ్‌కి టెన్షన్.

మిషన్ బాగానే ఉంది. పాతది 203 డీపీఐ, అంటే అంగుళానికి 203 చుక్కలు, మిల్లీమీటరుకి 8. కొత్తది 300 డీపీఐ, మిల్లీమీటరుకి దాదాపు 12. పాత దానిలో 812 చుక్కలంటే నాలుగు అంగుళాలు, కొత్తదానిలో అవే చుక్కలు 2.7 అంగుళాల్లో సర్దుకుంటాయి. బార్‌కోడ్‌లో ^బీవై2 అని ఉంది, అంటే సన్నగీత రెండు చుక్కల మందం. పాతదానిలో అది పావు మిల్లీమీటరు. అదే మందం కొత్తదానిలో రావాలంటే మూడు చుక్కలు కావాలి. ఆ లెక్క కాగితం మీద వేసి లీడ్‌కి చూపించాను. వాక్యాలు కూడబలుక్కోవాల్సిన పని పడలేదు, అంకెలే మాట్లాడాయి. ఐటీ వాళ్లు కోడ్‌లో కొలతలన్నీ ఒకటిన్నర రెట్లకి దగ్గరగా పెంచారు, లైన్ కదిలింది.

నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించేది పేర్ల సంగతి. ఎన్ అక్షరం మీద అల లాంటి గుర్తు (ñ) ఉండే పేర్లు, స్వరాల మీద చుక్కలుండే పేర్లు లేబుల్ మీద చెడిపోయి వస్తుండేవి. ఒక్క అక్షరం ఉండాల్సిన చోట రెండు పిచ్చి గుర్తులు, పెట్టె అంచుల్లాంటి గీతలు. సిస్టమ్ అక్షరాల్ని యూటీఎఫ్-8 అనే పద్ధతిలో అంకెలుగా మార్చి పంపుతోంది, ప్రింటర్ మాత్రం తన పాత కోడ్ పేజీ, అంటే ఏ అంకెకి ఏ అక్షరమో చెప్పే పట్టిక ప్రకారం చదువుకుంటోంది. ^ఎక్స్‌ఏ తర్వాత ^సీఐ28 చేర్చితే చాలు, ఆ పేర్లు సరిగ్గా వస్తాయి. మన పేర్లనే ఇక్కడ ఎన్ని రకాలుగా విరిచి పలుకుతారో మనకి తెలుసు. ఇంకొకరి పేరు మన చేతిమీదుగా వెళ్లే పెట్టె మీద తప్పుగా పడితే నాకు మనసొప్పదు. చదవలేని పేరుతో పార్సెల్ తిరిగొచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇంకో తేడా గుర్తుపెట్టుకోండి. ^తో మొదలయ్యేవి లేబుల్ రూపానికి సంబంధించినవి, ~తో మొదలయ్యేవి ప్రింటర్ వెంటనే చేసే పనులు. రోల్ మార్చాక లేబుళ్లు ఒకటి విడిచి ఒకటి వస్తుంటే ~జేసీ పంపితే ప్రింటర్ లేబుళ్ల మధ్య గ్యాప్ మళ్లీ కొలుచుకుంటుంది. అచ్చు పాలిపోతే ~ఎస్‌డీతో నలుపు పెంచొచ్చు, 0 నుంచి 30 వరకు ఉంటుంది. అలాగని 30కి తీసుకెళ్లొద్దు. గీతలు లావెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి, ప్రింట్ హెడ్ కూడా తొందరగా అరుగుతుంది.

నడుస్తున్న లైన్ మీద మాత్రం ప్రయోగాలు వద్దు. లీడ్‌ని అడిగి, ఖాళీగా ఉన్న ప్రింటర్ మీద, ఒక్క కాపీయే తీయమనే ^పీక్యూ1 పెట్టుకుని ఒక్కో లేబుల్ తీసి చూసుకోండి.