ముందు చిక్కు, తర్వాతే నీళ్లు

మా లడ్డు లాసా ఆప్సో జాతి కుక్క. టిబెట్ చలికి తగ్గ జుట్టు దానిది: పైన బరువైన పొడవాటి వెంట్రుకలు, అడుగున మెత్తటి నూగు. ఆ జుట్టును విశాఖపట్నంలో, ఎంవీపీ కాలనీ దాకా వచ్చే సముద్రపు తేమలో కాపాడుకోవాలంటే నేను గట్టిగా పట్టుకున్న నియమం ఒకటుంది. దువ్వకుండా స్నానం చేయించను.

కుక్క మాసిందనగానే నేరుగా నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ. చిక్కుపడ్డ వెంట్రుకలు తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి. నురగ ఆ ముడుల్లోనే ఉండిపోతుంది, తడి ఆరదు, కింద చర్మం ఎర్రబడి దురద మొదలవుతుంది. పైకి మాత్రం కుక్క తళతళలాడుతూ కనిపిస్తుంది.

వరండాలో దుప్పటి పరిచి లడ్డును పక్కకు పడుకోబెడతాను. ఎడమ చేత్తో జుట్టును పైకెత్తి పట్టుకుంటే అడుగున చర్మం గీతలా కనిపించాలి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా వెంట్రుకలు వదులుతూ, సన్నటి తీగల బ్రష్షుతో కిందికి దువ్వాలి. ఆ వెనకే స్టీలు దువ్వెన. కుదురు నుంచి కొస దాకా అది ఎక్కడా ఆగకుండా జారితేనే ఆ పాయ పూర్తయినట్టు. పైపైన దువ్వితే వీపు నున్నగా ఉంటుంది గానీ లోపలి నూగు అట్టకట్టే ఉంటుంది. చెవుల వెనుక, ముందుకాళ్ల చంకల్లో, తొడల లోపలి వైపు, మెడ మీద బెల్టు రాసుకునే చోట, అంటే రాపిడి ఉన్న ప్రతిచోటా తప్పకుండా వెతకాలి.

ముడి దొరికితే లాగను. కాస్త మొక్కజొన్న పిండి చల్లి, వేళ్లతో విడదీసి, ముడికీ చర్మానికీ మధ్య జుట్టును బిగించి పట్టుకుని కొస వైపు నుంచి విప్పుతాను. చిన్నప్పుడు అమ్మ నాకు జడ వేసేముందు కుదుళ్లు పట్టుకుని చిక్కు తీసేది, అచ్చం అలాగే. ఎంతకీ విడిపోకపోతే, ముడి కిందుగా దువ్వెన దూర్చి దానికి పైనే కత్తిరించాలి. కుక్క చర్మం పలచన, ముడితో పాటే పైకి లేస్తుంది. అడ్డం లేకుండా కత్తెర పెడితే తెగేది చర్మమే.

స్నానానికి కుక్కల షాంపూయే వాడాలి. మన షాంపూలు వాటి చర్మాన్ని పొడిబారుస్తాయి. ఇక మన ఊళ్లో అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. తువ్వాలుతో రుద్దితే కొత్త చిక్కులు పడతాయి, ఒత్తి తుడవాలి. ఆగస్టు ముసురులో ఫ్యాను కింద వదిలేస్తే పైన ఆరుతుంది, కుదుళ్లు తడిగానే ఉంటాయి. అందుకే డ్రయ్యర్ చల్లగాలిలో పెట్టి, దువ్వుతూ, వేళ్లకు తేమ తగలనంత వరకు ఆరబెడతాను.

లాసన్స్ బే వైపు ఇసుకలో తిరిగొచ్చిన రోజు కాళ్లు మంచినీళ్లతో కడిగి వేళ్ల సందులు తుడుస్తాను. వానాకాలంలో ఉత్తరేణి గింజలు, గోమార్లు దాక్కునేవి కూడా ఆ సందుల్లోనే. గోమారి జ్వరం రక్తకణాలను దెబ్బతీస్తుంది, కాబట్టి ఇక్కడ బద్ధకించకూడదు. గోమారి కనబడితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగాలి.

"ఈ ఉక్కలో ఎలా ఓర్చుకుంటుందమ్మా, గుండు చేయించేయరాదూ?" అనేవారు పైవాటా పిన్నిగారు. జాలితోనే అనేవారు. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ముఖ్యంగా రొప్పడం వల్లనండీ, పైగా ఆ జుట్టే ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది అని చెప్పాను. మే నెలలో అంగుళం పొడవు ఉంచి కత్తిరిస్తాను, చర్మం కనిపించేలా మాత్రం గీయించను. ఈమధ్య ఆవిడే కిందికొచ్చి లడ్డు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. చెవుల వెనుక దువ్వేటప్పుడు అది తల విదిలించేస్తుంది, రెండో మనిషి ఉంటే నా రెండు చేతులూ పనికొస్తాయి.