కార్తీకంలో అమ్మతో అన్నవరం

కార్తీకం వచ్చిందంటే అమ్మ నోట అన్నవరం మాటే. మోకాళ్లు రెండూ అరిగాయి, షుగరు పాతది, సాయంత్రమయ్యేసరికి కాస్త మతిమరుపు. ఇలాంటి మనిషిని సోమవారమో, ఏకాదశో, పౌర్ణమో చూసుకుని రత్నగిరి ఎక్కించకూడదు. ఆ రోజుల్లో వ్రత మండపాల్లో కుర్చీ మాట దేవుడెరుగు, పీట పట్టే చోటుకే కొట్లాట. పౌర్ణమి వెళ్లాక ఒక మామూలు రోజు చూసుకుంటే కార్తీకమూ దక్కుతుంది, ఊపిరీ ఆడుతుంది. ఎలాగూ అటు వెళ్తున్నారుగా, పిఠాపురం, సామర్లకోట, ద్రాక్షారామం కూడా చూపించెయ్యమని చుట్టాలు సలహా ఇస్తారు. ఒప్పుకోలేదు. ఒక కొండ, ఒక వ్రతం, ఒక రాత్రి బస, అంతే.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ రైలు అన్నవరంలో ఆగుతుంది గానీ, ఆగే ఆ కాసేపట్లో అమ్మనీ, చక్రాల కుర్చీనీ, సంచుల్నీ దించడం కష్టం. అందుకే కారు. గంటన్నరకోసారి ఆపి ఐదు నిమిషాలు నిలబెడితే పాదాలు అంతగా వాయవు. బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) వాడేవాళ్లయితే ప్రయాణం రోజు ఏ వేళకు వేయాలో డాక్టరును ముందే అడగాలి. దారిలో ఇబ్బందని సొంతంగా మానిపించొద్దు. డైపరు వేస్తే, తడిసినా తడవకపోయినా నాలుగైదు గంటలకోసారి చూసి మార్చాలి. ఇన్సులిన్ ఉంటే కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, ఎండకు పాడైపోతుంది.

గది మాట్లాడేటప్పుడు ఏసీ కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: కింది అంతస్తేనా, వెస్టర్న్ కమోడ్ ఉందా, బాత్రూమ్ గుమ్మం వెడల్పెంత? మన కుర్చీ వెడల్పు టేపు పెట్టి ముందే కొలుచుకోవాలి. చాలా బాత్రూముల్లోకి కుర్చీ పట్టదు. అక్కడ నాలుగడుగులు పట్టుకుని నడిపించాలి, కాబట్టి రబ్బరు కాళ్ల స్నానం స్టూలు, జారని పట్టా మన వెంటే ఉండాలి. చక్రాల కుర్చీలో నాలుగూ చిన్న చక్రాలున్న రకం తేలిగ్గా ఉంటుంది, డిక్కీలో సులువుగా పడుతుంది. కాని బండల సందులో ముందు చక్రం ఇరుక్కుంటే మనిషి ముందుకు తూలుతుంది. గుడికి వెనక పెద్ద చక్రాలున్నదే మేలు. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మనం కింది వైపు ఉండి మెల్లగా దించాలి. లేపే ముందు రెండు బ్రేకులూ వేసి, కాళ్ల పలకలు పైకి మడవాలి. అవి మడవకుండా లేపబోతే పాదం వాటి మీద పడి కుర్చీ ముందుకు ఒరుగుతుంది.

అసలు గొడవ ఉపవాసం దగ్గర. వ్రతం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనంటుంది అమ్మ. షుగరు మాత్ర, ముఖ్యంగా గ్లిమిపిరైడ్, లేదా ఇన్సులిన్ పడ్డాక కడుపు ఖాళీగా ఉంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, మాట తడబాటు వస్తాయి. పెద్దవాళ్లలో చాలాసార్లు ఉత్త తికమకగానే కనిపిస్తుంది, మతిమరుపేలే అనుకుంటాం. మీటరు మీద 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇదంతా లేకుండా పొద్దున వ్రతానికి టికెట్ తీసుకుని, ముందుగా పాలు, అరటిపండు ఇప్పించాం. పండూ పాలూ ఉపవాసానికి అడ్డం కావని పురోహితుడి చేత చెప్పిస్తే ఒప్పుకుంటుంది. కొడుకు చెబితే ఒప్పుకోదు.

నాన్నగారు లేరు కాబట్టి పీట ముందు మేం దంపతులం కూర్చున్నాం. అమ్మ కుర్చీ మా పక్కనే, మైకు పెట్టెకు ఎదురుగా కాకుండా. చెవి మిషనుకు ఆ హోరు పడదు. ఒళ్లో స్టీలు పళ్లెం, దాన్నిండా అక్షతలు. ఇంటి దగ్గర తనే చేసిన వత్తులు, తనే ఏరిన తమలపాకులు. అయిదు కథలూ తనకు కంఠతా వచ్చు. లీలావతి, కళావతి కథ వచ్చేసరికి పురోహితుడికంటే ఒక మాట ముందే పెదవులు కదులుతున్నాయి. ఒక్కో కథ కాగానే గుప్పెడు అక్షతలు మా చేతిలో పోసింది, మేం పీట మీద వేశాం. మొత్తం గంట, గంటంపావు. మధ్యలో ఒకసారి పిరుదుల కింద మెత్త సర్దాలి, లేకపోతే తుంటి పట్టేస్తుంది.

గుడి రెండంతస్తులు. కింద యంత్రం, పైన పదమూడడుగుల మూలవిరాట్టు. కింద యంత్రానికి దణ్ణం పెట్టుకుంటే ఓపిక ఉందో లేదో అమ్మే చెబుతుంది. పైకి మెట్లెక్కించే ఆత్రం మనకుండొద్దు. ఎండెక్కక ముందే బయటపడాలి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు బండ కాలినా తెలియదు, బొబ్బ రాత్రికి కనిపిస్తుంది. పడుకోబెట్టేటప్పుడు సెల్‌ఫోన్ లైటు వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూడాల్సిందే.

ప్రసాదం నేతిలో తేలుతుంది. అమ్మకు ఆకు పొట్లంలోంచి ఒక చెంచాడు, అదీ భోజనంతో పాటు. మిగతాది ఇరుగుపొరుగుకు తానే పంచాలంటుంది, పంచనివ్వాలి. భోజనం చేసి వెంటనే ఘాట్ రోడ్డు మలుపులు దిగితే వాంతి అవుతుంది. మధ్యాహ్నం గదిలో పడుకోబెట్టి, మర్నాడు టిఫిన్‌కి ముందే కొండ దిగాం.